రకూను వేటగాని దీపము

చీకటిలో నడచువానికి దీపము ఎంత ప్రకాశముగా నుండిన అంత మేలని మనలో చాలమంది నమ్మకము. నేనును అట్లే నమ్మియుంటిని. అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రములో నవంబరు మాసపు రాత్రి యొకటి ఒక ముదుసలి రైతు వెంట అడవిలో తిరిగిన పిదప ఆ నమ్మకము నన్ను విడిచినది. ఆ రాత్రి నేర్చినదానిని మీకు విన్నవించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

నేను మా కుమార్తెను చూచుటకై ఆ దేశము వెళ్ళియుంటిని. ఆమె యింటి పొరుగున ఒక రైతు కలడు. ఆయన చిన్ననాటినుండియు రకూను వేటకు పోవువాడు. రకూను మన దేశమున లేని జంతువు. పిల్లికంటె పెద్దది. కన్నుల చుట్టును ముసుగు వేసికొన్నట్లు నల్లని పట్టె యుండును. తోకపైన నల్లని వలయము లుండును. పగలు చెట్టుతొర్రలో నిద్రించి రాత్రి సంచరించును. పాలుపట్టిన మొక్కజొన్న కంకులను విరిచి తినును, కోళ్ళగూళ్ళలో చొరబడును. ఆ దేశపు తూర్పు భాగమున రేబిసు వ్యాధిని మోయు జంతువులలో నిది ముఖ్యమైనది.

ఈ వేట యంతయు రాత్రియే జరుగును, కుక్కలచేతనే జరుగును. వేటగాడు జాగిలములను అడవిలో విడిచి, నిలిచి వినుచుండును. వాసన పట్టి పోవునపుడు కుక్క సాగదీసి మొరుగును. జంతువు చెట్టెక్కిన పిదప ఆ చెట్టు మొదట నిలిచి, తెంపు లేక గబగబ మొరుగును. యజమాని ఆ మార్పును ఎంతో దూరమునుండి గుర్తుపట్టి చెట్టు వద్దకు నడచును. అనగా దారిలో వేటగానికి చెవియే కన్ను. చెట్టు క్రింద నిలిచిన పిదపనే కన్నునకు నిజమైన పని. ఇది తెలియనిచో దీపమును ఎన్నుకొనుట తెలియదు.

పూర్వము వారు దేవదారు జాతి చెట్ల జిగురుకొయ్యతో కాగడాలు చేసికొనిరి. పిదప కిరసనాయిలు లాంతరు వచ్చినది. 1892లో ఉత్తర కెరొలినా రాష్ట్రమున థామస్ విల్సన్ అను నాతడు కాల్షియం కార్బైడును విరివిగా తయారుచేయు మార్గమును కనుగొనెను. క్రింది గిన్నెలో కార్బైడు, పై గిన్నెనుండి నీటిబొట్టు. అందుండి పుట్టిన వాయువు తెల్లగా మండును. గనికూలీలు ఆ దీపమును టోపీకి తగిలించుకొనిరి. వారిని చూచి వేటగాండ్రును తగిలించుకొనిరి. ఒకప్పుడు మన తిరునాళ్ళ అంగళ్ళలో వెలిగిన గ్యాసుదీపము ఇదియే. మామిడికాయలు మాగవేయుటకు వాడరాదని ప్రభుత్వము నిషేధించిన పదార్థమును ఇదియే. తరువాత నడుమునకు కట్టుకొను బరువైన బ్యాటరీతో విద్యుద్దీపము వచ్చినది. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపములు, లిథియం బ్యాటరీలు వచ్చి ఆ బరువును తగ్గించినవి. ఈ దీపములకు మూలమైన నీలికాంతి ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెలు బహుమానము లభించినది.

నేను ఆ రాత్రికై అంగడిలో అన్నిటికంటె ఎక్కువ వెలుగుగల నుదుటి దీపమును కొని తెచ్చుకొంటిని. ముసలి రైతు దానిని చూచి చిరునవ్వు నవ్వి ఊరకుండెను. అడవిలో నడచునపుడు ఆయన ఏదో చెప్పగా నేను ఆయనవైపు తల త్రిప్పితిని. నుదుటి దీపము తల ఎటు తిరిగిన అటు తిరుగును గదా! ఆ వెలుగంతయు ఆయన కన్నులలో పడినది. ఆయన చేయి అడ్డుపెట్టుకొని నిలిచిపోయి, “నేనొక్కడనే కాదయ్యా, మీరును గుడ్డివారే. మీ వెలుగు పడిన చోటు దాటి మీకేమి కనబడుచున్నది?” అని యడిగెను. చూచితిని. నిజముగా నేమియు కనబడలేదు.

కారణమును ఆలోచింపుడు. మన కంటిలో మసకవెలుతురున చూచు కణములు వేరు, మంచి వెలుగున రంగులు చూచు కణములు వేరు. మొదటివి పూర్తిగా మేలుకొనుటకు 20 మొదలు 30 నిమిషములు పట్టును. తెల్లని వెలుగు తగిలినచో ఆ శక్తి క్షణములో పోవును. ఎఱ్ఱని కాంతి మాత్రము వానిని అంతగా చెఱుపదు. కావుననే వేటగాని దీపమునందు మందమైన తెలుపు, ఎఱుపు, దూరము పోవు తెల్లని కిరణము అను మూడు విధముల వెలుగు లుండవలెను. నడకకు మందమైన వెలుగు చాలును. ఎఱుపులో మిట్టపల్లములు, వాగు దాటు రాళ్ళు సరిగా తెలియవు. అట్టి చోట మందమైన తెలుపు మేలు. చెట్టుపై రకూనును వెదకునపుడు ఎఱుపు పనికివచ్చును. తీక్ష్ణమైన తెల్లని వెలుగు పడిన వెంటనే అది ముఖము త్రిప్పుకొనుననియు, ఎఱుపునకు అంత త్వరగా త్రిప్పుకొనదనియు వేటగాండ్ర అనుభవము.

కిరణము విషయమున అంగడివారు ల్యూమెనుల లెక్క చెప్పుదురు. అది దీపము వెలువరించు మొత్తము కాంతి మాత్రమే. ఎంత దూరము పోవునో చెప్పదు. దూరము రెండింతలైనచో అచ్చట పడు వెలుగు నాలుగవ వంతగును. అందుచేత నలుదెసల వెదజల్లు పెద్ద దీపముకంటె సన్నగా కూర్చిన చిన్న కిరణము పొడవైన చెట్టు కొమ్మలను చక్కగా చూపును. పొగమంచులో తీక్ష్ణమైన తెలుపు తిరిగి మన కన్నులనే కొట్టును.

ఆ రాత్రి కుక్కలు ఒక పెద్ద సింధూరవృక్షము క్రింద నిలిచి మొరుగుచుండెను. నా దీపము వెలుగున కొమ్మలలో రెండు కన్నులు తళుక్కుమనినవి. రైతు మనుమడు తుపాకి ఎత్తెను. ముసలివాడు ఆతని భుజముపై చేయి వేసి ఆపెను. రాత్రి తిరుగు జంతువులలో పెక్కింటి కంటి వెనుక అద్దమువంటి పొర యుండును. దానిపై వెలుగు పడి తిరిగి మెరయును. రకూను కన్ను మెరయును, పిల్లి కన్ను మెరయును, ఇంటికుక్క కన్నును మెరయును. ఆయన చెట్టు చుట్టును తిరిగి, ప్రక్కనుండి సన్నని కిరణమును ఆ జంతువు దేహముపై నిలిపెను. ముఖమున పట్టె లేదు. తోకపై వలయములు లేవు. మెడలో చిన్న పట్టీ యున్నది. అది ఎవరింటి పిల్లియో! నేను తెచ్చిన గొప్ప దీపము కన్నులను చూపినదే గాని, ఆ కన్నులు ఎవరివో చూపలేదు. ఆయన కుక్కలకు గొలుసులు వేసి, మారు మాటాడక వెనుదిరిగెను.

తిరుగు దారిలో నా దీపము మొదట మసకబారి, పిదప ఆరిపోయెను. పెట్టెపై వ్రాసిన గంటలు మందమైన వెలుగునకు చెందినవి. నేను మొదటినుండి నిండు వెలుగునే వాడితిని. పైగా చలిలో బ్యాటరీ శక్తి తగ్గును. అందుకే అనుభవజ్ఞులు మారు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనమున నుంచుకొందురు. ముసలి రైతు తన జేబునుండి బొటనవ్రేలంత దీపమును తీసి నా చేతిలో పెట్టెను. అదియే నన్ను వాగు దాటించినది. నీటిలో పడినను చెడని దీపము కావలెనన్నచో దానిపై ఐ.పి.ఎక్స్. 7 అను గుర్తును చూడవలెను. మీటరు లోతు నీటిలో 30 నిమిషములుండినను చెడనిదని దాని యర్థము.

ఇది విని మీలో నెవరును వేటకు బయలుదేరవలదు. అమెరికాలోనే ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క కట్టుబాటు కలదు. రాత్రివేళ దీపము వేసి జింకలను కొట్టుట అచ్చట పెక్కు రాష్ట్రములలో నేరము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిజంతువుల వేటను నిషేధించుచున్నది. అయినను రాత్రి మోటారు వేయుటకు పొలము పోవు రైతున్నాడు. కళ్ళము కాయు మనుష్యుడున్నాడు. గట్టుమీది పాము అచ్చటను ఇచ్చటను ఒక్కటే. ఇంటినుండి బయలుదేరిన వెంటనే పరుగెత్తక, కన్నులకు కొంత వ్యవధి నిండు. వెలుగును పాదము ముందర నుంచుడు. ఎదుటి మనుష్యుని ముఖముపై వేయకుడు. మారు దీపము లేక గడప దాటకుడు.

ఆ ముసలి రైతు ఇచ్చిన చిన్న దీపము ఇప్పటికిని నా జేబులో నున్నది. తిరిగి యీయబోగా ఆయన పుచ్చుకొనలేదు. వెళ్ళుటకు పెద్ద దీపము ఎవడైనను కొనుననియు, ఇల్లు చేరుటకు చాలు దీపమును తెలిసినవాడే యుంచుకొనుననియు ఆయన చెప్పెను.