ఒక్క ప్రింటరు ఇంటిల్లిపాదికీ



ఈ రోజు మాట్లాడుకునే విషయం కంప్యూటరు. భయపడకండి. ఇది కంప్యూటరు నేర్పే పాఠం కాదు. ఒక ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి? ఒక్క ప్రింటరుతో అందరి పనీ ఎలా జరుగుతుంది? అందులో ఆడవాళ్లకు ఒరిగేదేమిటి? అదీ సంగతి.

తెనాలి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి ఇల్లాలు పొదుపు సంఘానికి లీడరు. ఊరంతా ఆమెను లీడరమ్మ అంటారు. ఒకప్పుడు వేలిముద్ర వేసేది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు సంఘం లెక్కలన్నీ తనే రాస్తుంది.

ఆ ఇంట్లో కంప్యూటర్లు మూడు. ముందు గదిలో ఉన్నది పాతది, పెద్దది. అందులో విండోస్ ఉంది. దాని పక్కనే ప్రింటరు, వైరుతో కట్టేసి ఉంది. లీడరమ్మ భర్తకు ఎరువుల దుకాణం. ఆ బిల్లులన్నీ ఆ కంప్యూటరులోనే. కూతురు కాలేజీలో చదువుతోంది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్సు. ఇది డబ్బులు పెట్టకుండా దొరుకుతుంది. కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు అతను తెచ్చేది ఆపిల్ కంపెనీ ల్యాప్‌టాప్. మూడూ మూడు రకాలు. ఒకే ఇంట్లో తెలుగామె, తమిళామె, ఒరియా ఆమె తోడికోడళ్లయినట్టు. ఎవరి మాట వాళ్లది.

ప్రతి నెలా పదో తారీకున సంఘం సమావేశం. ఎవరు ఎంత పొదుపు చేశారు, ఎవరికి ఎంత అప్పు ఉంది, ఎన్ని కంతులు కట్టారు? ఈ పట్టీ కాగితం మీద ఉండాలి. లీడరమ్మ దాన్ని కూతురి ల్యాప్‌టాప్‌లో తయారు చేయడం నేర్చుకుంది. ప్రింటు తీయడం దగ్గరే తంటా. పట్టీని పెన్‌డ్రైవులో వేసుకుని ముందు గదిలోకి వెళ్లాలి. ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నిలబడాలి. లేదంటే బజారులో జిరాక్సు షాపుకు పోవాలి.

ఒక నెల షాపుకే పోయింది. షాపతను ఆ ఫైలును తన కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు. ప్రింటు తీసి ఇచ్చాడు. ఫైలు మాత్రం అక్కడే ఉండిపోయింది. వారం తిరక్కుండానే సంఘంలో ఒకామె అప్పు వీధంతా తెలిసిపోయింది. ఎన్ని కంతులు ఆగాయో కూడా లెక్క చెబుతున్నారు. ఆమె కూతురికి పెళ్లిచూపులు జరుగుతున్న రోజులవి. ఆమె సమావేశానికి రావడం మానేసింది. లీడరమ్మ ఆమె ఇంటికి వెళ్లింది. "నీ చేతిలో పెట్టిన లెక్క వదినా, బజారుకెలా పోయింది?" అని ఆమె అడిగింది. లీడరమ్మ దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి కూతురితో అంది. "ఇంట్లో ప్రింటరు పెట్టుకుని నేను షాపుకెందుకే పోవాలి?"

"పోనక్కర్లేదమ్మా. ఇంట్లో కంప్యూటర్లన్నిటినీ కలపొచ్చు" అంది కూతురు.

ఇలా కలపడాన్నే నెట్‌వర్క్ అంటారు. నెట్ అంటే వల. ఈ వలకు తాళ్లు కనబడవు. ఆ ఇంట్లో గోడకు ఒక చిన్న పెట్టె ఉంది. వైఫై పెట్టె అంటారు. రౌటరు అన్నా అదే. దాని నుంచి ఫోన్లకు ఇంటర్నెట్ వస్తుందని అందరికీ తెలుసు. దానికి ఇంకో పని కూడా ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ఫోనుకూ అది ఒక నంబరు ఇస్తుంది. ఇంటి నంబరు లాంటిదే. 192.168.1.5 అని ఒకదానికి, చివర 6 పెట్టి ఇంకోదానికి. ఆ నంబరును బట్టి ఒకదాని ఉత్తరం ఇంకోదానికి చేరుతుంది. ఇదంతా ఇంటి గోడల మధ్యే జరుగుతుంది. ఇంటర్నెట్ ఆగిపోయిన రోజు కూడా పెట్టెకు కరెంటు ఉంటే చాలు, ఇంట్లో ప్రింటు వస్తుంది.

అసలు ఇలాంటి వల పుట్టిందే ప్రింటరు కోసం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పాలో ఆల్టో అనే ఊరుంది. అక్కడ జిరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. మన ఊళ్లలో జిరాక్సు అంటామే, ఆ కంపెనీయే. అక్కడ లేజరు ప్రింటరు తయారైంది. అది చాలా ఖరీదైన యంత్రం. మనిషికొకటి కొనడం కుదరదు. కంప్యూటర్లు మాత్రం చాలా ఉన్నాయి. అన్నీ ఆ ఒక్క ప్రింటరునే వాడుకోవాలి. అందుకోసం 1973లో బాబ్ మెట్‌కాఫ్ అనే ఆయన ఒక పద్ధతి రాసి చూపించాడు. దాని పేరు ఈథర్‌నెట్. ఇప్పటికీ వైరుతో కలిపే చోట వాడేది ఆ పద్ధతి పిల్లనే. మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి. పని మాత్రం అదే, ఒక ప్రింటరు, పదిమంది మనుషులు.

రకం వేరైన కంప్యూటర్లు ఒకరి మాట ఒకరు వినడం తర్వాత వచ్చిన కథ. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా అనే నగరంలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి ఉండేవాడు. ఫైళ్లు పంచుకోవడానికి కొన్ని కంప్యూటర్లు ఒక రకం మాట మాట్లాడుకుంటాయి. దాన్ని ఎస్ఎంబీ అంటారు. ఆ మాటలు ఎటు పోతున్నాయో, ఏం పోతున్నాయో అతను కూర్చుని గమనించాడు. పరాయి ఊళ్లో సంతకెళ్లి, బేరాలు విని విని భాష నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు. 1992 మొదట్లో తను రాసిన పనిని నలుగురికీ ఉచితంగా ఇచ్చేశాడు. కొన్నాళ్లకు ఇంట్లో భార్య కంప్యూటరును తన కంప్యూటరుతో కలపాలనుకున్నాడు. ఆమెది విండోస్, అతనిది లినక్సు. పాత పని తీసి పెట్టి చూస్తే పని చేసింది. దానికే తర్వాత సాంబా అని పేరొచ్చింది. మన సాంబారు కాదు, సాంబయ్యా కాదు. ఎస్, ఎమ్, బి అనే అక్షరాలు అదే వరుసలో ఉన్న మాట కోసం వెతికితే దొరికిన పేరు. ఇప్పుడు లీడరమ్మ కూతురి లినక్సు ల్యాప్‌టాప్ ముందు గదిలోని విండోస్‌తో మాట్లాడుతోందంటే, మధ్యలో ఉన్నది ఆ సాంబాయే.

ఇక ఆ ఇంట్లో పని ఎలా జరిగింది?

ముందు లీడరమ్మకు ఒక సందేహం వచ్చింది. "కలిపితే నా ఫైళ్లన్నీ అందరికీ కనబడతాయా?"

మంచి ప్రశ్న. కలపడం అంటే ఇంటి తలుపులన్నీ తీసిపెట్టడం కాదు. కంప్యూటరులో ఫైళ్లు పెట్టుకునే అరను ఫోల్డరు అంటారు. ఏ అర తెరిచి పెట్టాలో మనమే చెప్పాలి. చెప్పిన అర ఒక్కటే బయటికి కనబడుతుంది. తక్కినవి కనబడవు. అందులోనూ రెండు రకాలు. కొందరు చదవొచ్చు, మార్చకూడదు. కొందరు చదవొచ్చు, మార్చొచ్చు.

కూతురు ముందు గది కంప్యూటరులో రెండు అరలు చేసింది. ఒకటి "ఇల్లు". అందులో కరెంటు బిల్లులు, పెళ్లి ఫొటోలు, పంట రసీదులు. అది ఇంట్లో అందరికీ. రెండోది "సంఘం". అది అమ్మ ఒక్కదానికి. అరలు ల్యాప్‌టాప్‌లో ఎందుకు పెట్టలేదు? ల్యాప్‌టాప్ కాలేజీకి పోతే అరా దాంతోనే పోతుంది. పెద్ద కంప్యూటరు ఇల్లు కదలదు.

తర్వాత అమ్మ పేరుతో ఒక ఖాతా తెరిచింది. బ్యాంకులో ఖాతా లాంటిదే. "రహస్యపు మాట నువ్వే కొట్టమ్మా. నేను అటు తిరుగుతాను" అంది. దీన్నే పాస్‌వర్డ్ అంటారు. లీడరమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. రెండోసారి మళ్లీ అదే కొట్టమంది కంప్యూటరు. కొట్టింది.

అయినా మొదటి రోజు పని కాలేదు. ల్యాప్‌టాప్‌లో వెతికితే పెద్ద కంప్యూటరు పేరే కనబడలేదు. గంటసేపు అవస్థ పడ్డారు. కారణం చిన్నదే. విండోస్ ప్రతి వైఫైకీ ఒక మాట గుర్తు పెట్టుకుంటుంది. ఇది మన ఇంటి వలా, బయటి వలా అని. బయటి వల అంటే బస్టాండు, రైల్వే స్టేషను లాంటివి. అలాంటి చోట అది తలుపులన్నీ మూసుకుంటుంది. అలా మూసుకోవడం మంచిదే. ఆ ఇంట్లో ఎవరో తెలియక బయటి వల అని నొక్కి ఉన్నారు. ఇంటి వల అని మార్చగానే పేరు కనబడింది. చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. ఇంకోటి, అన్నీ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి ఫోను డేటాతో, ఒకటి గోడ పెట్టెతో ఉంటే ఒకదానికొకటి కనబడవు.

తర్వాత ప్రింటరు. విండోస్‌లో ప్రింటరును కూడా అర లాగే అందరికీ తెరిచి పెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ ప్రింటరును చేర్చుకోవాలి. అప్పుడు అది ఏ కంపెనీ, ఏ రకం అని అడుగుతుంది. ప్రింటరుకు కూడా ఒక భాష ఉంటుంది మరి. ఆ భాష నేర్పే చిన్న పొత్తాన్ని డ్రైవరు అంటారు. బండి డ్రైవరు కాదు. అది సరిగ్గా లేకపోతే ప్రింటరు కాగితాల మీద పిచ్చి గీతలు గీసి పడేస్తుంది. కాగితం దండగ.

వైరు ప్రింటరుతో ఒక చిక్కు ఉంది. అది పెద్ద కంప్యూటరుకు కట్టేసి ఉంది కదా. ఆ కంప్యూటరు ఆపేస్తే ప్రింటరూ పలకదు. అది నిద్రపోయినా అంతే. వైఫై ఉన్న ప్రింటరు అయితే నేరుగా గోడ పెట్టెతో మాట్లాడుతుంది. ఫోను నుంచి కూడా ప్రింటు పంపొచ్చు. ఉన్నది బాగా పని చేస్తుంటే దీని కోసం కొత్తది కొనక్కర్లేదు. కొనే రోజు వస్తే మాత్రం వైఫై ఉన్నదే అడగండి.

మొదటి ప్రింటు భర్తది తీశారు. ఎరువుల ధరల పట్టీ. అది ఎప్పుడో అను ఫాంటులో కొట్టించింది. కూతురు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. ఫైలు పాడైందని ఆయన గాభరాపడ్డాడు. పాడు కాలేదు. పాత రోజుల్లో ప్రెస్సుల్లో వాడిన ఫాంట్లు ఏ కంప్యూటరులో ఉంటే అందులోనే తెలుగుగా కనబడతాయి. ఇప్పుడు యూనికోడ్ అనే పద్ధతి ఉంది. అందులో కొట్టిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లలో, ఫోన్లలో తెలుగుగానే కనబడుతుంది. పాత ఫైళ్లను అవి కొట్టిన కంప్యూటరులోనే పీడీఎఫ్‌గా మార్చి పంచుకుంటే సరి. అది బొమ్మ దిగినట్టు ఉన్నదున్నట్టు వస్తుంది.

రెండో వారంలో ఒక పొరపాటు జరిగింది. "ఇల్లు" అరలో పెళ్లి ఫొటోలు ఉన్నాయి కదా. కొడుకు సెలవులకు వచ్చి, తన ల్యాప్‌టాప్ నుంచి కొన్ని చెరిపేశాడు. చెత్తబుట్టలో ఉంటాయిలే అనుకున్నాడు. మన కంప్యూటరులో చెరిపితే చెత్తబుట్టలోకి పోతుంది. వల మీదుగా ఇంకో కంప్యూటరులోవి చెరిపితే మామూలుగా బుట్టలోకి పోవు. పోయినవి పోయినట్టే. అదృష్టం బాగుండి కూతురి పెన్‌డ్రైవులో ఇంకో నకలు ఉంది. అందరూ చూసే చోట పెట్టడం వేరు, నకలు దాచుకోవడం వేరు. అప్పటి నుంచి ఆ అరను చదవడానికే అని మార్చారు. కొత్త ఫొటో వేయాలంటే కూతురే వేస్తుంది.

ఇక దొంగల సంగతి. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు వచ్చింది. మన భాషలో వైరస్ అంటాం. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఒక కంత ఉంది. ఆ కంతలోంచి అది ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకు తనంతట తనే పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ కంతను పూడ్చే మందు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్ల కంప్యూటర్లే ఎక్కువగా పడిపోయాయి. కంప్యూటరు "అప్‌డేట్ చేయనా" అని అడిగితే విసుక్కుని మూసేస్తాం చూడండి, ఆ మందు అదే.

వైఫై రహస్యపు మాట పక్కింటి అబ్బాయికి చెప్పడం కూడా ఇలాంటిదే. అతను సినిమా చూసుకుంటాడని మనం అనుకుంటాం. కానీ అతను వీధి తలుపు దాటి వసారాలోకి వచ్చినట్టే. ఇక అర తలుపులే మిగిలాయి. చాలా వైఫై పెట్టెల్లో చుట్టాల కోసం వేరే పేరుతో వైఫై పెట్టే వీలుంది. అందులో చేరినవాళ్లకు మామూలుగా ఇంట్లో కంప్యూటర్లు కనబడవు.

కొడుకు తిరిగి హైదరాబాదు వెళ్లే ముందు రోజు అమ్మ దగ్గరకొచ్చాడు. "సంఘం అర తెరుచుకోవడం లేదమ్మా. ఆ మాటేదో నాకు చెప్పు. ఎప్పుడైనా పాడైతే బాగు చేస్తాను" అన్నాడు.

"నీ జీతం కాగితం నాకెప్పుడైనా చూపించావట్రా?" అంది లీడరమ్మ.

కొడుకు నవ్వేశాడు. తర్వాత ఒక నిజం చెప్పాడు. పెద్ద కంప్యూటరుకు యజమాని ఖాతా ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో అది నాన్న పేరు మీద ఉంది. ఆ ఖాతాతో ఏ అర తాళమైనా మార్చుకోవచ్చు. లీడరమ్మ ముఖం చిన్నబోయింది. అప్పుడు కొడుకే ఇంకో ఉపాయం చూపించాడు. అరకు తాళం సరే, ఫైలుకు కూడా విడిగా తాళం వేయొచ్చు. దాచేటప్పుడు "పాస్‌వర్డ్‌తో దాచు" అనేది ఎంచుకోవాలి. ఇక ఆ మాట లేకుండా నాన్న ఖాతాతో కూడా పట్టీ తెరుచుకోదు. మర్చిపోతే మాత్రం ఎవరూ తీయలేరు. కంపెనీవాళ్లు కూడా తీయలేరు.

లీడరమ్మ ఆ మాట కూడా తనే కొట్టింది. కొడుకు అటు తిరిగి నిలబడ్డాడు.

పదో తారీకు పొద్దున వంటింట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పట్టీ తెరిచింది. ప్రింటు నొక్కింది. ముందు గదిలో ప్రింటరు గుర్రుమంది. తనే వెళ్లి కాగితం తీసుకుంది. మడిచి చీర కొంగులో పెట్టుకుంది. సమావేశానికి పోకుండా ముందు ఆ మానేసిన ఆమె ఇంటికి వెళ్లింది.