పని పట్టిక: గ్రామమునకు, గృహమునకు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామాభ్యుదయమును గూర్చి మాట్లాడ వచ్చినవారు సాధారణముగా పెద్ద విషయములనే ఎత్తుకొందురు. మేము నేడు ఒక చిన్న విషయమును మాత్రమే మీ ముందుంచదలచితిమి. దీనికి నిధులు అక్కరలేదు. పైవారి మంజూరు అక్కరలేదు. ఒక నోటు పుస్తకము, ఒక కలము చాలును. చేయవలసిన పనులను వరుసగా వ్రాసికొని, అయినదానిని అయినట్లు కొట్టివేయుటయే మేము చెప్పదలచిన విషయము. “ఇంతేనా?” అని మీరు నవ్వవచ్చును. అయినను మీ పంచాయతీలో ఆగిపోయిన పనులలో డబ్బులేక ఆగినవెన్నియో, జ్ఞాపకము లేక ఆగినవెన్నియో ఒక్కమారు లెక్క చూచుకొనుడు. ఆ తరువాత నవ్వుదురుగాక.

మన రైతునకు పనిని జ్ఞాపకము చేయువారు అనేకులు కలరు. రోహిణి ఎండలు ముగిసి, జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశింపగానే ఏరువాక సాగవలెనని ఆకాశమే చెప్పును. మేత వేయనిచో పశువు అరచును. నీరు పెట్టనిచో ఆకు వాడును. కలుపు తీయనిచో చేనే ఎదుట నిలిచి నిలదీయును. అందుచేతనే మన పెద్దలు కాగితము పట్టకయే వ్యవసాయమును వేళ తప్పక నడపగలిగిరి.

పంచాయతీ పనులకు ఇట్టి గొంతు లేదు. ట్యాంకు అడుగున పేరుకొన్న బురద అరవదు. వీధి చివర ఆరిపోయిన దీపము ఆ దారిన నడచువారికి తప్ప మరియొకరికి కనబడదు. భర్తను కోల్పోయిన ఇల్లాలు ఇచ్చిన పింఛను దరఖాస్తు సొరుగులో మౌనముగా పడియుండును. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, రహదారులు, పారిశుధ్యము, విద్య మొదలుగా 29 విషయములు కలవు. రాష్ట్ర శాసనములు వీనిని పంచాయతీలకు అప్పగింపవచ్చును. ఇన్నింటికి సంబంధించిన పనులను ఒక సర్పంచి తలలోనో, ఒక కార్యదర్శి తలలోనో నిలువ చేయబూనుట జల్లెడలో నీరు పట్టబూనుట వంటిది. తనకు తానై పిలువలేని పని తరఫున మనలను పిలుచుటకు ఒక కాగితము కావలెను.

ఒక గ్రామమును ఊహించుకొందము. మే నెల సమావేశములో “వానలు పడకముందే త్రాగునీటి ట్యాంకును శుభ్రము చేయింపవలెను” అని సభ్యులు ఏకగ్రీవముగా తీర్మానించిరి. తీర్మానము పుస్తకమున కెక్కినది. సంతకములైనవి. కాఫీలు త్రాగి అందరును ఇండ్లకు పోయిరి. కార్యదర్శి చూచుకొనునని సర్పంచి అనుకొనెను. నీరు వదలు పనివాడు చేయునని కార్యదర్శి అనుకొనెను. పనివానికి ఎవరును చెప్పలేదు. కార్తె మారినది, వానలు దిగినవి, ట్యాంకు అట్లే ఉన్నది. జూలైలో ఒక వీధి పసివారికి విరేచనములు పట్టుకొన్నవి. ఇందులో దుర్మార్గుడెవడు? ఒక్కడును లేడు. డబ్బుకు కొరత కలిగెనా? అదియును లేదు. “పదిమంది చేతిలో పాము చావదు” అన్న సామెత మాత్రము నిజమైనది. మన మరపునకు పసిబిడ్డలు వెల చెల్లింపవలసి వచ్చుట న్యాయము కాదు.

తీర్మానముల పుస్తకము ఉండగా మరల పట్టిక ఎందుకని మీరడుగవచ్చును. తీర్మానముల పుస్తకము మనము ఏమి నిశ్చయించితిమో చెప్పును. పట్టిక ఇంకను ఏమి మిగిలినదో చెప్పును. మొదటిది దస్త్రమునకు, రెండవది చేతులకు. మొదటిదానిలో నిరుటి తీర్మానము, నేటి తీర్మానము ఒకే తీరున కనబడును; జరిగినదేదో, జరుగనిదేదో దానిని చూచి తెలిసికొనలేము. పట్టికలో అయినపని గీతక్రింద పడును. కానిపని గీతలేక మిగిలి మనలను చూచుచుండును.

ఇక పట్టిక వ్రాయు విధానమును చెప్పెదము.

మొదటి నియమము: పుస్తకము ఒక్కటే ఉండవలెను. సిగరెట్టు పెట్టె వెనుక ఒకటి, పెండ్లి శుభలేఖ అంచున ఒకటి వ్రాసిన పనులు ఆ కాగితములతోనే పోవును. సెల్‌ఫోనులో వ్రాసికొనుట తప్పుగాదు. కాని పంచాయతీ పట్టిక పదిమందియు చూడదగినదై కార్యాలయములో ఉండవలెను.

రెండవ నియమము: కోరికను గాక పనిని వ్రాయవలెను. “త్రాగునీటి సమస్య” అని వ్రాసినచో అది ఎన్నటికిని కొట్టివేయబడదు, ఎందుకనగా ఎక్కడ మొదలిడవలెనో అది చెప్పదు. దానిని చిన్న ముక్కలు చేయుడు. “బ్లీచింగు పౌడరు నిలువ చూచుట.” “ట్యాంకు కడుగుటకు ఇద్దరు కూలీలను మాటాడుట.” “నీరు నిలుపు దినమును ముందురోజు టముకు వేయించుట.” ఒక మనిషి లేచి వెళ్ళి చేసిరాదగినంత ఉన్నప్పుడే అది పని అనిపించుకొనును.

మూడవ నియమము: ప్రతి పనికిని ఒక్క పేరు. “సభ్యులందరు” అని వ్రాయుట ఎవరిని వ్రాయకుండుటయే. నలుగురు తోడుపడవచ్చును, జవాబు చెప్పువారు ఒక్కరే ఉండవలెను.

నాలుగవ నియమము: ప్రతి పేరునకు ఎదుట ఒక తేదీ. “త్వరలో” అను తేదీ ఏ పంచాంగములోను లేదు.

ఈ నాలుగింటిని కలిపి వ్రాసినచో ఒక పంక్తి ఇట్లుండును: “బ్లీచింగు పౌడరు నిలువ చూచుట, కార్యదర్శి, మే 20.” దాని క్రింద: “ట్యాంకు కడిగించుట; రెండవ వార్డు సభ్యురాలు; మే 27.” దాని క్రింద: “క్లోరిన్ పరీక్ష, నీరు వదలు పనివాడు, మే 28.” పనిలోని వివరము కూడ పట్టిక ప్రక్కనే ఉండుట మంచిది. స్వచ్ఛమైన నీటికి మంచి బలముగల బ్లీచింగు పౌడరు 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు కావలెను. అనగా 40,000 లీటర్ల ట్యాంకునకు సుమారు 100 గ్రాములు. నీరు మలినమైనకొలది, పౌడరు పాతబడినకొలది మోతాదు పెరుగును. కనుక పరీక్షించియే నిర్ణయింపవలెను. కుళాయివద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండవలెనని భారతీయ ప్రమాణము. ఈ అంకెలను ప్రతిమారు ఎవరినో అడుగుటకంటె ఒకమారు వ్రాసి గోడకు అంటించుట మేలు గదా!

ఐదవ నియమము అన్నింటికంటె ముఖ్యమైనది. ప్రతి సమావేశమును పాత పట్టిక చదువుటతోనే ఆరంభింపుడు. కొత్త తీర్మానములు తరువాత. పని అయినదని చెప్పినప్పుడు అందరి యెదుట గీత గీయుడు. కానిచో ఎందుకు కాలేదో ఒక్క మాటలో చెప్పనిండు. మూడు సమావేశములు దాటినను కదలని పనిని నాల్గవమారు ఊరక తిరిగి వ్రాయకుడు. దానిని ఇంకను చిన్నది చేయుడు, లేదా మరియొకరికి అప్పగింపుడు, లేదా మనకు సాధ్యముగాదని ఒప్పుకొని కారణము వ్రాసి కొట్టివేయుడు. అడిగినవారికి “కాదు” అని చెప్పుటయు ఒక మర్యాదయే. రెండేండ్లు “చూతము” అనుట మర్యాద కాదు.

కొన్ని పనులకు తేదీని చట్టమే నిర్ణయించినది. గ్రామములో జననము గాని మరణము గాని జరిగినచో 21 రోజులలోపల తెలిపి రిజిస్టరు చేయింపవలెను. అది దాటి 30 రోజులలోపలనైనచో ఆలస్యపు రుసుము చెల్లింపవలెను. ఒక సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. మీ వార్డులో ఒక పెద్దమనిషి కాలధర్మము చెందెననుకొనుడు. ఆ ఇంటివారు దుఃఖములో ఉందురు. తేదీలు లెక్కించు స్థితిలో ఉండరు. వార్డు సభ్యుడు తన పట్టికలో “ఫలానా వారి మరణ నమోదు, ఈ తేదీలోగా” అని ఒక్క పంక్తి వ్రాసికొని జ్ఞాపకము చేసినచో, ఆ ఇల్లాలికి పింఛనునకు, పిల్లలకు ఆస్తి హక్కునకు కావలసిన పత్రము చేతికి వచ్చును. మరచినచో ఆమె కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. ఒక పంక్తి వ్రాతకు ఇంత విలువ కలదు.

పట్టిక తెలియనివారికే గాని తెలిసినవారికి ఎందుకని కొందరు తలంతురు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్ విమానాశ్రయమున బోయింగు సంస్థవారి నాలుగు ఇంజనుల కొత్త విమానము పరీక్షార్థము ఎగిరి, వెంటనే కూలినది. ఇద్దరు మరణించిరి. నడిపినవాడు ఆరితేరిన వైమానికుడు. యంత్రములో లోపము లేదు. నేలపైనున్నప్పుడు గాలికి కదలకుండ తోకభాగమును బిగించు గొళ్లెమును ఎగురుటకు ముందు తీయుట మరచిరి. తరువాత ఆ విమానమునకు చేయవలసిన పనులను ఒక చీటిపై వ్రాసి, ఎగురుటకు ముందు చదువు పద్ధతిని ఏర్పరచిరి. నేడు ఎంత అనుభవముగల వైమానికుడైనను పట్టికను చదువకుండ విమానమును లేపడు. తెలివికిని జ్ఞాపకమునకును సంబంధము తక్కువ అని దీనివలన తెలియుచున్నది.

ఇక గృహము మాట. వ్రాసిపెట్టుకొనుట మన ఇండ్లకు కొత్త కాదు. పాలవాని లెక్కకు గోడపై బొగ్గు గీతలు, చాకలి పద్దు, పచారీ చీటి మనము ఎరిగినవే. అయితే ఇచ్చిన లెక్కలు వ్రాసితిమి గాని, చేయవలసిన పనులు వ్రాయలేదు. అవి అన్నియు ఇల్లాలి తలలో ఉండును. పిల్లవాని పరీక్ష రుసుము, పంట ఋణపు గడువు, అత్తగారి మందులు, గ్యాసు బండ, చుట్టాలింటి శుభకార్యము ఆమెయే జ్ఞాపకముంచుకొని మగవారికి పదేపదే చెప్పవలెను. చెప్పినచో “సతాయించుచున్నది” అందురు, చెప్పనిచో “ఎందుకు చెప్పలేదు?” అందురు. ఈ సభలోనున్న సోదరీమణులు తలయూచుచున్నారు గనుక మేము అతిశయోక్తి చెప్పలేదని తెలియుచున్నది!

వంటింటి గోడకు ఒక కాగితము తగిలింపుడు. చదువుకొనుచున్న పిల్లలచేత వ్రాయింపుడు. ప్రతి పనికిని ఇంటిలోని ఒకరి పేరు ఉండవలెను. ఆ పేర్లలో యజమాని పేరును ఉండవలెను. పసిబిడ్డ ఉన్న ఇంటిలో టీకాల తేదీలు మొదట వ్రాయుడు: పుట్టినప్పుడు ఇచ్చునవి, తరువాత 6, 10, 14 వారములకు, తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా, మరల 16 నుండి 24 నెలల మధ్య. బిడ్డ తనకు టీకా వేళ అయినదని చెప్పలేదు. కాగితము చెప్పును.

రెండు హెచ్చరికలు చేసి ముగించెదము. పట్టికను చూచి పని తనంతట తాను జరుగదు. అందముగా వ్రాసి అద్దములో బిగించిన పట్టికకంటె చెమటతో నలిగిన పట్టిక గొప్పది. ఒక దినమునకు పెట్టుకొను పనులు ఐదారు మించరాదు. ముప్పది వ్రాసి మూడు చేసినవానికి రాత్రి నిరుత్సాహము మిగులును. ఐదు వ్రాసి నాలుగు చేసినవాడు మరునాడు ఉత్సాహముతో లేచును.

గ్రామస్థుడు మీకు తన కష్టము చెప్పుకొన్నప్పుడు “సరే, చూచెదను” అని ఊరక అనకుడు. జేబులోని పుస్తకము తీసి అతని యెదుటనే వ్రాయుడు. తన మాట కాగితమున కెక్కుట చూచినవాడు నమ్మకముతో ఇంటికి పోవును. ఆ నమ్మకమును నిలుపుట మీ చేతిలోని పని. మీ తరువాతి సమావేశమునకు పోవునప్పుడు మొదటి పుట వ్రాసి తీసికొనిపొండు. దానిలో మీ పేరు ఎదుట ఒక్క పనియైనను ఉండవలెనని మా ప్రార్థన.