బొంత వెనక గుడ్డ: కుట్టుకు ఎంత వదలాలి?

విద్యార్థులారా! అతుకుల బొంత అనగానే మన చూపు పైనున్న రంగురంగుల ముక్కల మీదికే పోతుంది. దాన్ని తిరగేసి చూసేవారు తక్కువ. ఈనాటి పాఠంలో ఆ వెనక వైపు గుడ్డనే చూద్దాం. ఒక పన్నా చాలక రెండు మూడు పన్నాలు కలిపినప్పుడు, కుట్టుకు అవతల ఎంత గుడ్డ వదలాలి?

పై భాగంలో సాధారణంగా పావు అంగుళం వదులుతారు. దానికి కారణం ఉంది. కుట్టిన తర్వాత 4 అంగుళాలుండే ముక్కలు 15 కలిపితే 60 అంగుళాల వరుస వస్తుంది. అందులో 14 అతుకులుంటాయి. ఒక్కో అతుకులో రెండు వైపులా పావు అంగుళం చొప్పున అర అంగుళం పోతుంది. మొత్తం 7 అంగుళాలు. అదే అర అంగుళం వదిలితే 14 అంగుళాలు పోతాయి. పైగా అతుకులు లావెక్కి సూది దిగదు.

వెనక గుడ్డ సంగతి వేరు. ఇక్కడ ఒకటో రెండో అతుకులు. పావుకు బదులు అర అంగుళం వదిలినా అతుకుకు అదనంగా పోయేది అర అంగుళమే. లాభం మాత్రం పెద్దది. నూలు గుడ్డను కత్తిరించిన చోట పోగులు ఒక్కొక్కటే జారిపోతాయి. బొంతను లాగినప్పుడు, తడిపి పిండినప్పుడు ఆ పొడవాటి అతుకు మీద బరువు పడుతుంది. వదిలిన గుడ్డ రెట్టింపైతే కుట్టును కాచే పోగులూ రెట్టింపవుతాయి. బొంత కుట్టడం పూర్తయ్యాక ఈ అతుకు లోపలి వైపు మన చేతికి అందదని మరువకండి.

కాబట్టి కొత్త గుడ్డకు అర అంగుళం వదలండి. మన ఇళ్లలో బొంతలకూ, బెంగాల్‌లో కాంతాలకూ పాత చీరలు వాడే అలవాటుంది. ఉతికి ఉతికి నేత వదులైన చీరకు ముప్పావు అంగుళం మేలు. నేత అంచు గట్టిగా ఉంది కదా అని దాన్ని అతుకులో కలపకండి. ఉతికినప్పుడు అది మిగతా గుడ్డతో సమానంగా కుంచించుకుపోదు. అతుకు ముడతలు పడుతుంది. దాన్ని ముందే కత్తిరించండి.

ఇప్పుడు లెక్క. బొంత వెడల్పు 60 అంగుళాలు. కుట్లు పడేకొద్దీ గుడ్డ లోపలికి లాగుతుంది కనుక ఇరువైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉంచుదాం; మొత్తం 68. మన గుడ్డ పన్నా 36. ఉతికాక 35 అయిందనుకోండి. రెండు పన్నాలు 70. కలిపే వైపు నేత అంచులు అర అంగుళం చొప్పున తీస్తే 69. అతుకులో 1 అంగుళం పోతే 68. సరిగ్గా సరిపోయింది! ముప్పావు అంగుళం వదిలి ఉంటే 67.5, అర అంగుళం తక్కువ.

మడతపెట్టే చోట అతుకు రాకూడదని మధ్యలో నిండు పన్నా, చెరో పక్క సగం పన్నా వేసేవారూ ఉన్నారు. పద్ధతి మంచిదే. కాని అతుకులు రెండవుతాయి. ఇదే గుడ్డతో వచ్చేది 67 అంగుళాలే. అలా కుట్టదలిస్తే ఎక్కువ పన్నా గుడ్డ కొనాలి. అంటే కుట్టుకు ఎంత వదలాలో దుకాణానికి వెళ్లక ముందే నిర్ణయించుకోవాలి.

అతుకు వేశాక వదిలిన గుడ్డను రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి, గట్టులా లేవదు. విప్పిన అతుకులో దారం మీదే బరువు పడుతుంది కనుక కుట్లు దగ్గర దగ్గరగా ఉండాలి.

ఇంటి దగ్గర ఒక పని చేయండి. పాత చీర ముక్కలతో రెండు అతుకులు వేయండి. ఒకదానికి పావు అంగుళం, రెండోదానికి ముప్పావు అంగుళం వదలండి. తడిపి, పిండి, గట్టిగా లాగండి. ఏ అతుకు ముందు విడిపోతుందో, ఎక్కడ విడిపోతుందో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.