గాల్లో మంట

ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. దిగుతున్నప్పుడు కింది నుంచి ఎదురొచ్చే గాలి పైరెక్కలను తిప్పుతూనే ఉంటుంది. ఆ ఊపుతోనే పైలట్ నేలకు దించగలడు. దీన్ని ఆటోరొటేషన్ అంటారు.

మంట మాత్రం వేరే సంగతి. 2023 ఆగస్టు 28న అమెరికాలో, ఫ్లోరిడాలోని పాంపానో బీచ్‌లో, అగ్నిమాపక సహాయక దళం వారి తేలికపాటి ఈసీ-135 హెలికాప్టర్ లేచిన కాసేపటికే ఇంజిన్ దగ్గర మంటలు చెలరేగాయి. రెండు ఇంజిన్లున్న యంత్రమే అది! పైలట్ వెనక్కి మళ్లించాడు. ఈలోగా తోక విరిగింది. తోకలోని చిన్న పంకానే హెలికాప్టర్ గిర్రున తిరిగిపోకుండా ఆపేది. అది పోయాక పైలట్ చేతిలో ఏముంటుంది? హెలికాప్టర్ ఒక నివాస భవనంపై కూలింది. హెలికాప్టర్‌లోని ముగ్గురిలో ఒకరు, భవనంలోని ఒక మహిళ మరణించారు.