కొండవాలూ, పటమూ, పంటా



ఫ్రాన్సు దేశపు బర్గండీలో ఒకే కొండవాలు మీది ద్రాక్షతోటల వైన్‌కు తోటతోటకూ వేరు పేరు, వేరు ధర. మేలైన తోటలు ఎక్కువగా వాలు నడుమనే ఉంటాయి. అడుగున నీరు నిలుస్తుంది, చల్లగాలి దిగి పేరుకుంటుంది. పైన మట్టి పలచన. తరతరాలుగా గుర్తిస్తూ వచ్చిన ఆ తోటల హద్దులకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది.

ధర్మపురి జిల్లా వత్తల్‌మలైలో కాఫీ, మిరియాలు పండుతాయి. పంట వేరైనా భూగోళ సూత్రం అదే. అరబికా కాఫీకి మన దేశంలో 1000 నుండి 1500 మీటర్ల ఎత్తు అనుకూలం. వత్తల్‌మలై పైభాగం ఆ ఎత్తును అందుకుంటుంది. ధర్మపురి పట్టణం 500 మీటర్ల లోపే. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. జిల్లా సగటు లెక్కతో కొండరైతుకు సలహా ఇస్తే నష్టపోయేది అతడే. కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు!

2005లో ఇస్రో ప్రయోగించిన కార్టోశాట్-1 జంట కెమెరాలతో నేల ఎత్తుపల్లాలను చిత్రించింది. వాలు ఎంతో, ఏ దిక్కుకో ఆ చిత్రాలు చెబుతాయి. అయితే కాఫీ నీడన పెరిగే పంట. ఉపగ్రహానికి పైనున్న సిల్వర్ ఓక్ కొమ్మలే కనబడతాయి. కింద కాఫీ ఉన్నదో, తుప్పలున్నవో తేల్చడం కష్టం. అది తెలిసినవాడు ఆ చెట్ల నడుమ తిరిగే మలయాళి గిరిజన రైతు. (కేరళవారని పొరబడరాదు, ఆ పేరుకు కొండవారని అర్థం.) ఏ మూల తేమ వేసవిలోనూ ఆరదో, ఎక్కడ గునపానికి రాయి తగులుతుందో అతణ్ణి అడిగి, తరగతిలో మార్కుల కోసం గీసే ఆ కాంటూరు రేఖల పటం మీదనే గుర్తించవలసి ఉంటుంది.