శరదృతువులో మన పల్లెలు, మన కోత పండుగ
(పెందుర్తి ప్రాంత గ్రామ సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయమని నన్ను అడిగారు. వ్రాయడము నాకు చేతకాదు, మాట్లాడమంటే మాట్లాడతానన్నాను. అయితే మాట్లాడండి, మేమే వ్రాసుకుంటాము అన్నారు. గనుక తప్పులేమైనా ఉంటే వ్రాసుకున్నవారివి.

శరదృతువంటే పుస్తకాలలో తేటనీరు, పండు వెన్నెల. మన పెందుర్తి వైపు ఆ మాట అనగానే ముందుగా తుఫాను జ్ఞాపకము వస్తుంది. ఆ తరువాత ఆకలి. ఈ రెండవ మాట నేటి పిల్లలకు వింతగా ఉండవచ్చును. నా చిన్నతనములో, అంటే 1960 ప్రాంతములో, దసరా దీపావళి వచ్చేసరికి కూలివారి ఇండ్లలో పాత గింజలు అయిపోయేవి. కొత్త వరి ఇంకా పొట్ట మీద ఉండేది. హస్త, చిత్త కార్తెలలో నాలుగు మంచి వానలు పడితేనే అది గింజ పట్టేది. మెట్ట చేలలో ముందుగా వచ్చిన చోళ్ళు, గంటెలే ఆధారము. చోడి అంబలి తాగి పండుగ చూడబోయేవాళ్ళము.

పండుగలకు మాత్రము కొదువలేదు. ఊరిలో గొల్లవారు రేకు తప్పెటలు రొమ్ముకు కట్టుకొని తప్పెటగుళ్ళు ఆడేవారు. కోలాటముండేది. దీపావళి సాయంకాలము గోగు కాడలకు నూనెగుడ్డలు చుట్టి పిల్లలు దివిటీలు కొట్టేవారు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారము విజయనగరములో పైడితల్లి సిరిమానోత్సవము. పెందుర్తిలో రైలెక్కితే తిన్నగా విజయనగరములో దిగవచ్చును. మన పిల్లలు వెళ్ళకూడదని మా తండ్రిగారు ఆదివారమే గట్టిగా చెప్పేవారు. మంగళవారము ఎందరము రైలెక్కామో ఆయనకూ తెలుసు. ఎన్నడూ లెక్కపెట్టలేదు.

అయితే ఊరంతా నిజముగా ఒకచోటికి చేరేది చెరువు గట్టు మీదనే. ముసురు పట్టి నీరు పొర్లుకట్టు దాటిందంటే గండి పడుతుందని భయము. రాత్రులు లాంతర్లు పట్టుకొని కాపలా ఉండేవారు. మట్టి గంపలు, తాటిమట్టలు, గోనెసంచులు ముందే గట్టు మీదికి చేరేవి. మదుము దగ్గర నీరుగట్టువాడు చెప్పినదే ఆ రాత్రికి శాసనము. ఆ రోజులన్నీ బంగారమని నేననను. గంప మోసినవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. తెల్లవారి అంబలి పోసేటప్పుడు మాత్రము మనవాళ్ళు గట్టుకు కింది వైపున కూర్చోవలసి వచ్చేది. ఆ గట్టు నిలబెట్టినవాడికి ఆ గట్టు మీదనే చోటు లేదు. నేను పిల్లవాడిగా ఇది కళ్ళారా చూశాను.

దీని తరువాత కోత పండుగ వచ్చేది. కోతలయి, కుప్పలు పడి, మొదటి నూర్పులయ్యాక, కూలి గింజలు చేతికి వచ్చిన మీదట పెద్దలు ఆదివారము నిర్ణయించేవారు. కేలండరు చూసి కాదు, కళ్ళము చూసి. వరి వెన్నులు గుమ్మానికి కట్టేవారు. ఆనపకాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు బల్ల ముందు పోగయ్యేవి. వాక్యము చదువుతుండగా పుంజు కూయడము ప్రతి సంవత్సరమూ జరిగేదే. ఆరాధనయ్యాక బయట చింతచెట్టు కింద వేలము. ఆ వేలానికి ఊరిలోని రైతులు కూడ వచ్చేవారు. మన పేటకు ఎన్నడూ రానివారు ఆ ఒక్కరోజు వచ్చి, మన గుమ్మడికాయకు పాట పాడేవారు. వస్తువు చేతికిచ్చి, డబ్బు చేతిలో తీసుకొనేవాళ్ళము. చేతికి చేయి తగిలేది. ఆ కాలములో అది చిన్న సంగతి కాదు.

ఈ పండుగ మనకెక్కడిదని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. బైబిలులో పర్ణశాలల పండుగ ఉన్నది. ఏడవ నెలలో, పంట కూర్చుకున్నాక, ఏడు దినములు పాకలలో నివసించాలి. చేను కోసేటప్పుడు అంచుల వరకూ కోయకుండా బీదవారికి విడిచిపెట్టమన్న ఆజ్ఞ కూడ లేవీయకాండములో ఆ అధ్యాయములోనే ఉన్నది. ఇక ఇప్పటి పద్ధతికి వస్తే, ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు మోర్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్ట్ హాకర్ అనే గురువు 1843లో కోత ఆరాధన జరిపించాడు. అక్కడనుండి అది వ్యాపించింది. వారికి గోధుమ కోతలు అక్టోబరు నాటికి అయిపోతాయి. కెనడాలో కృతజ్ఞతా దినము అక్టోబరు రెండవ సోమవారము. మన ఉత్తరాంధ్రలో పనిచేసిన మిషనరీలలో కెనడా బాప్టిస్టులు చాలమంది. వారి దేశాలకు ఆ తేదీ సరి. మనకు అక్టోబరులో వరి పచ్చగా ఉంటుంది. పట్నము అలవాటు చూసి ఈ మధ్య కొన్ని సంఘాలు అక్టోబరులోనే జరుపుతున్నాయి. కోయని పంటకు కోత పండుగ!

అసలు కోయడానికి చేలేవీ అంటారా? అదీ నిజమే. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడి పెందుర్తి పట్నములో కలిసింది. అంతకు ముందునుంచే పొలాలలో హద్దురాళ్ళు మొలిచాయి. చెరువు ఆయకట్టు ప్లాట్లయినాక చెరువు ఎవరికి కావాలి? ఇప్పుడు రైతుబజారులో గుమ్మడికాయ కొని తెచ్చి అర్పిస్తున్నాము. తప్పనను. ఉద్యోగస్థుడి పంట జీతమే. కాని వేలములో పాటదారు పేరు, అంకె మైకులో చదవడము మొదలయ్యాక ఒక మార్పు వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒక ముసలమ్మ కొంగులో తవ్వెడు చోళ్ళు తెచ్చింది. ముందు ఒక పుంజు వేలలోకి వెళ్ళింది. ఈ చోళ్ళకు ఎవరో పదిరూపాయలని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు. మరుసటి ఏడు ఆమె ఉత్తచేతులతో వచ్చి వెనుక కూర్చున్నది.

ఇక 2014. అక్టోబరు 12, ఆదివారము. హుద్‌హుద్ తుఫాను. ఒమాన్ దేశమువారు పెట్టిన పేరు, ఒక పిట్ట పేరు. పిట్ట పేరు పెట్టుకొని వచ్చి మన తోటలలో చెట్లన్నీ పడగొట్టింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. ఆ ఉదయము మన గంట మ్రోగలేదు. మధ్యాహ్నము కాసేపు గాలి ఆగింది. అయిపోయిందని బయటికి వచ్చినవాళ్ళము, తిరిగి ఎదురు దిక్కునుంచి గాలి అందుకొనేసరికి పరుగెత్తాము. ఆలయము మీది రేకులు ఎక్కడ పడ్డాయో వారము తరువాత తెలిసింది. కరెంటు లేదు, పాలు లేవు, నీళ్ళ టాంకరు వస్తే తొక్కిడి. పొట్ట మీదున్న వరి నేలనంటి తాలుపోయింది. దీపావళికి మా వీధిలో ఎవరూ టపాకాయలు కాల్చలేదు. ఎండిన కొమ్మలు ఇండ్ల చుట్టూ గుట్టలుగా ఉన్నాయి మరి.

ఆ ఏడు కోత పండుగ వద్దన్నారు పెద్దలు. ఆడవారు మాత్రము జరగవలసిందే అన్నారు. జరిగింది. ఒకామె రెండు కోడిగుడ్లు తెచ్చింది. ఇంకొకరు విరిగిన పనసకొమ్మల కట్టెలు. ఒక కుర్రవాడు గొడ్డలి భుజాన పెట్టుకొని వచ్చాడు. తేవడానికేమీ లేదండి, మూడు రోజుల పని ఇస్తాను, పడిన చెట్లు కొడతాను, దాన్నే వేలము వేయండి అన్నాడు. సభ నిశ్శబ్దమైపోయింది. పాట అందరికన్నా పెంచినది పక్క ఊరి రైతు, మన సంఘస్థుడు కాడు, మామిడితోట మొత్తము కూలినవాడు. నాకు మొదట మింగుడు పడలేదు. మనవాడి రెక్కలు మళ్ళీ ఆ గుమ్మానికే వేలము వేస్తున్నామా అనిపించింది. ఆ మాట అక్కడే అన్నాను కూడ. కుర్రవాడు నవ్వి, నేనిస్తున్నాను మాస్టారూ, వాళ్ళు పట్టుకుపోవడము లేదు అన్నాడు.

పాట డబ్బు టార్పాలిన్లకు వెళ్ళింది. రైతు కూలి డబ్బు వేరుగా కుర్రవాడికే ఇచ్చాడు. మూడు పూటలూ వసారాలో, ఇంటివాళ్ళ పక్కన కూర్చోబెట్టి అన్నము పెట్టారట. నేను అడిగి మరీ తెలుసుకున్నాను. ఎందుకడిగానో గట్టు సంగతి చెప్పాను గనుక మీకు తెలుసు.

అందుచేత పెద్దలకు నా మనవులు మూడే. కోత పండుగ అక్టోబరులో పెట్టవద్దు. సబ్బవరము వైపు, పినగాడి వైపు మన సంఘస్థులలో ఇంకా సేద్యము చేస్తున్నవారు ఉన్నారు. వాళ్ళ కోతలు ఎప్పుడయ్యాయో అడిగి ఆదివారము నిర్ణయించండి. వేలములో పేర్లు, అంకెలు మైకులో చదవడము మానండి. పని అర్పించేవారికి కూడ బల్ల ముందు చోటు పెట్టండి. బట్టలు కుట్టేవారు, కరెంటు పని తెలిసినవారు, పిల్లలకు లెక్కలు చెప్పగలవారు మనలో ఎంతమంది లేరు! ఆ ముసలమ్మ ఇంటికి వెళ్ళి పిలవడము నా వంతు. ఇంతకాలము వెళ్ళకపోవడము నా తప్పే.

ఇంకొకటి, ఇది మనవి కాదు, కబురు. చెరువు పొర్లుకాలువ ప్లాస్టిక్ సంచులతో పూడిపోయింది. చిత్త కార్తె రాకముందే తీయకపోతే ముసురుకు నీరు మన వీధులలోకే వస్తుంది. పైవీధి వారితో నిన్న మాట్లాడాను, వాళ్ళూ వస్తామన్నారు. వచ్చే శనివారము ఉదయము ఆరుగంటలకు గట్టు మీద కలుద్దాము. పార, గంప ఎవరివి వారు తెచ్చుకోండి. టీ మా ఇంటినుంచి వస్తుంది.