కాయల బండికి మైల్డ్ హైబ్రిడ్ ఇంజను తగునా?



ఎరువులూ, కొబ్బరి మీద తెల్లదోమా చెప్పవలసిన మనిషి ఇంజన్ల సంగతి ఎత్తుకున్నాడేమిటి అని మీకు తోచవచ్చు. కాని మలికిపురం చుట్టుపట్ల ఏ తోటలోకి వెళ్లినా తెల్లదోమ గురించి అడిగేవారు ఎందరో, బండి గురించి అడిగేవారూ ఇంచుమించు అందరే వుంటున్నారు. దింపు తీయించిన కాయ అంబాజీపేట చేరాలన్నా, అరటి గెల రావులపాలెం చేరాలన్నా, చెరువులో పట్టిన రొయ్య ఐసులో కదలాలన్నా బండి లేనిదే పని జరగదు. అద్దె బళ్లకు పోసే డబ్బు చూసి విసిగి, నలుగురు రైతులు కలిసి ఒక పికప్పు బండి కొనుక్కుందామని అనుకోవటం ఇప్పుడు మామూలైంది. అది పది లక్షల దరిదాపు వ్యవహారం. అప్పు చేసి కొనేది. అందుచేత "హైబ్రిడ్ అంటున్నారు, మంచిదేనా అండీ?" అని అడిగినప్పుడు నవ్వి వూరుకోవటానికి వీలులేదు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణే గాని మోటారు మెకానిక్కును కాను. ఐనా షెడ్డుల్లో చూసినదీ, కంపెనీలవారు అచ్చువేసిన కాగితాల్లో చదివినదీ కలిపి, రైతు లెక్కలో మీకు మనవి చేస్తాను.

ముందుగా మాట సంగతి. హైబ్రిడ్ అంటే మనకు సంకరం. సంకర వరి, సంకర కొబ్బరి మనం ఎరిగినవే. బండిలో డీజిలు లేక పెట్రోలు ఇంజనుకు కరెంటు మోటారు తోడైతే అది సంకర బండి. ఐతే గోదావరి ఇద్దరు తాళ్లకు మీరు ఎంత తేడా చూస్తారో, ఈ సంకరాల్లోనూ అంత తేడా వున్నది. పూర్తి హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే కొంతదూరం బండిని లాగగలదు. మైల్డ్ హైబ్రిడ్‌లో లాగలేదు. ఇంజనుకు భుజం పడుతుంది, అంతే. మూడోది మరీ చిన్నది: బండి ఆగి, గేరు తటస్థంలో పెట్టగానే ఇంజను తనంతట తాను ఆగి, క్లచ్చి తొక్కగానే లేస్తుంది. దీనిని మైక్రో హైబ్రిడ్ అన్నారు. మన దేశంలో మహీంద్రావారు 2008లో స్కార్పియోకి పెట్టింది ఇదే. మారుతీవారు 2015లో సియాజ్, ఎర్టిగా డీజిలు కార్లకు పెట్టింది కొంచెం పై మెట్టు, మైల్డ్ హైబ్రిడ్. పికప్పు బళ్లలో చూస్తే టయోటావారి హైలక్స్‌కు 48 ఓల్టుల మైల్డ్ హైబ్రిడ్ 2024లో యూరపులోను, ఆస్ట్రేలియాలోను వచ్చింది. అదే ఇంజను, అదే ఏర్పాటు మన దేశంలో 2025 జూనులో ఫార్చ్యూనరు కారుతో వచ్చింది. కొబ్బరికాయలు వేసుకొనే టన్నున్నర బండి కొనబోయేవారు, అమ్మేవాడు హైబ్రిడ్ అనగానే, ఈ మూడింటిలో ఏది అని అడగండి. చాలాసార్లు బయటపడేది ఆ మూడోదే.

ఇక అది పనిచేసే తీరు. మామూలు బండిలో బెల్టు మీద తిరిగే డైనమో, ఇప్పటివారి ఆల్టర్నేటరు, బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తుంది. మైల్డ్ హైబ్రిడ్‌లో ఆ ఆల్టర్నేటరు స్థానంలో రెండు పనులూ చేసే యంత్రం కూర్చుంటుంది. బ్రేకు వేసినప్పుడు, వాలులో దిగినప్పుడు అది డైనమోగా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. బండి కదిలేటప్పుడు అదే మోటారుగా మారి, అదే బెల్టు మీదుగా ఇంజనును తోస్తుంది. 48 ఓల్టులు ఎందుకంటే, 12 ఓల్టుల మీద 200 ఆంపియర్లు పంపితే 2,400 వాట్లు, అంటే రమారమి 3 హెచ్.పి. వస్తుంది. అదే లావు తీగలో అదే కరెంటు 48 ఓల్టుల మీద పంపితే 9,600 వాట్లు, అంటే 13 హెచ్.పి. దాకా వస్తుంది. పైగా 60 ఓల్టులు దాటలేదు గనుక పెద్ద కరెంటు బళ్లలో లాగ ముట్టుకుంటే ప్రాణం మీదికి వచ్చే భయం లేదు. హైలక్స్‌లో పెట్టిన మోటారు 8.4 కిలోవాట్లది. దాని లిథియం బ్యాటరీ బరువు ఏడున్నర కిలోలు మాత్రమే. వెనుక సీటు కింద ఇమిడిపోతుంది.

దీనివల్ల మేలు లేదని నేననను. బరువుతో వున్న బండి నిలిచిన చోటినుంచి కదిలేటప్పుడు క్లచ్చి ఎంత కాలుతుందో డ్రైవర్లకు తెలుసు. సఖినేటిపల్లి రేవులో పంటి మీదికి ఎక్కేటప్పుడు, అవతల నరసాపురం ఒడ్డున దిగి గట్టెక్కేటప్పుడు, ఇంజను ఇంకా చక్కగా తిరగకముందే మోటారు అందుకొని తోస్తే క్లచ్చిపళ్లెం ఎక్కువ కాలం మన్నుతుంది. చప్పుడు, అదురు తగ్గుతుంది. తరచు ఆగి లేవటంవల్ల ఇంజను అరిగిపోతుందనే భయం కూడా చాలావరకు వట్టిది. అరుగుదల హెచ్చుగా వుండేది తెల్లవారుజామున చల్లని ఇంజను లేపినప్పుడు. వేడెక్కిన ఇంజనులో నూనె పొర అంటిపెట్టుకొనే వుంటుంది. ఇటువంటి బళ్లకు స్టార్టరూ, బేరింగులూ గట్టివి వేస్తారు. అసలు డీజిలు ఇంజను పాతదే, నమ్మకమైనదే. చిక్కంతా దాని చుట్టూ చేర్చినవాటితో వస్తుంది.

మొదటి చిక్కు మన నేల. ఈ పద్ధతికి తిండి బ్రేకులోనూ, వాలులోనూ దొరుకుతుంది. కోనసీమలో కొండ లేదు, కనుమ లేదు. కాలువ గట్టు రోడ్డు మీద వంతెన దగ్గర ఒక ఎక్కుడు, ఒక దిగుడు తప్పితే అంతా బల్లపరుపు. ఎర్రదీపాల దగ్గర ఆగి ఆగి పోయే పట్నంలో ఆదా కనపడుతుంది గాని, మలికిపురంనుంచి రాజోలు పోయే బండికి ఎన్ని ఎర్రదీపాలు తగులుతాయి? ఈ రకం డీజిలు ఇంజను నిలుచున్న చోట ఊరికే తిరిగితే గంటకు అర లీటరునుంచి లీటరు లోపు తాగుతుంది. నిజమే. కాని రేవులో పంటికోసం కాచుకొని వున్నప్పుడు మన డ్రైవరు తాళంచెవి తిప్పి ఇంజను ఆపి, టీ తాగటానికి పోతాడు. దానికి హైబ్రిడ్ ఎందుకు?

లెక్క వేద్దాం. బండి రోజుకు 75 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు పన్నెండున్నర ఇస్తే 6 లీటర్లు కావాలి. ఇటువంటి పికప్పులకు యూరపులో చెప్పిన ఆదా నూటికి 5 వంతులు. ఆ లెక్కన 300 మిల్లీలీటర్లు మిగులుతాయి. డీజిలు లీటరు 100 రూపాయలనుకుంటే రోజుకు 30. ఏడాదిలో 250 రోజులు తిరిగితే 7,500. నలుగురు భాగస్తులైతే మనిషికి 1,875. మన బల్లపరుపు రోడ్ల మీద అంతకూడా రాదని నా అభిప్రాయం. దీనికి ఎదురుగా, ఇంజను ఆగి లేచే బండికి మామూలు బ్యాటరీ పనికిరాదు; ఇ.ఎఫ్.బి. గాని ఏ.జి.ఎం. గాని వేయాలి. వాటి ధర బాగా హెచ్చు. బదులుగా చవక బ్యాటరీ వేస్తే కొన్ని నెలల్లోనే డీలా పడుతుంది. పైగా అందులో కరెంటు తగ్గగానే ఇంజనును ఆపటం కంప్యూటరు మానేస్తుంది. "హైబ్రిడ్ పనిచేయటం లేదు" అని షెడ్డుకు వచ్చే బళ్లలో చూడవలసిన మొదటి వస్తువు బ్యాటరీయే. ప్రభుత్వం కూడా 2015లో మొదలుపెట్టిన ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్ డీజిలు కార్లకు సబ్సిడీ ఇచ్చి, 2017 ఏప్రిలునుంచి తీసివేసింది.

రెండవ చిక్కు ఉప్పు. ఇది పెద్దది. శంకరగుప్తం డ్రెయిను వెంబడి ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు మోడులైపోవటం కేశనపల్లివారికి నేను చెప్పనక్కరలేదు. చెట్టునే చంపే ఉప్పు రాగితీగను వదులుతుందా? సముద్రపు గాలికే బ్యాటరీ కొసల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. దానికి తోడు రొయ్యల పెట్టెలనుంచి ఉప్పునీరు బండి అడుగున కారుతూ వుంటుంది. పాత బండిలో చిలుము పడితే స్టార్టరు మొరాయించేది, ఉప్పుకాగితంతో గీకితే మళ్లీ పలికేది. ఈ బండిలో బ్యాటరీ రుణకొన మీద కరెంటును కొలిచే చిన్న పరికరం వుంటుంది. అక్కడ చిలుము పడితే కంప్యూటరుకు తప్పు లెక్క అందుతుంది. అద్దం మీద దీపం వెలుగుతుంది, షెడ్డులో ఎవరికీ కారణం తోచదు. కనుక రొయ్యలు దించిన రోజునే మంచినీటితో అడుగుభాగం కడగండి. కొసలకు వాసెలీను రాయండి. కడగమన్నాను గదా అని బండిని కాలువలోకి వెనక్కు దించి, పైపు పెట్టి ఇంజను మీద ధారగా కొట్టకండి. రెండు పనులూ చేసే ఆ యంత్రం బెల్టు దగ్గరే వుంటుంది.

బెల్టు అంటే మరొకటి చెప్పాలి. పాత బండిలో ఇంజను బెల్టును లాగేది. ఇందులో ఒకసారి ఇంజను లాగుతుంది, మరొకసారి మోటారు లాగుతుంది. అందుకే టయోటావారు రెండు చేతుల బిగింపు పెట్టి, యంత్రాన్ని ఎత్తున అమర్చి, 700 మిల్లీమీటర్ల నీటిలో పోయినా ఫరవాలేదన్నారు. అంత జాగ్రత్త లేని బండిలో పీచు దుమ్ము, కాలువ గట్టు బురద కలిసి బెల్టును తినివేస్తాయి. 48 ఓల్టుల బళ్లలో ఆల్టర్నేటరు వేరే వుండదు గనుక, ఆ భాగం చెడితే దీపాలకూ, ఇంజను కంప్యూటరుకూ కరెంటు అందించేవాడు లేక కొంతదూరం పోయి బండి నిలిచిపోతుంది. మూడు వేల కాయలతో రాత్రివేళ నిలిచిపోతే ఆ కిరాయి ఎవరు ఇస్తారు?

ఇప్పుడు మనవాళ్లు చేసే ఒక పని సంగతి. బండి షోరూమునుంచి రాగానే సరాసరి వెల్డింగు షాపుకు పోతుంది. కాయలు, డొక్కలు ఎత్తుగా వేయటానికి ఇనుప కటకటాలు అతికిస్తారు. వెల్డింగు కరెంటు చాసీ గుండా పోయి కంప్యూటరును, బ్యాటరీ పరికరాన్ని కాల్చివేయగలదు. బ్యాటరీ రెండు కొసలూ విప్పిన తరువాతనే వెల్డింగు ముట్టించాలి. 48 ఓల్టుల బండి ఐతే కంపెనీవారిని అడగకుండా ముట్టించనే కూడదు. వారంటీ పోయిందని తరువాత చెబితే మనకు కోపం వస్తుంది గాని, వారి పుస్తకంలో ఆ మాట ముందే వుంటుంది. పక్క బండినుంచి కరెంటు తెచ్చి లేపేటప్పుడు కూడా రుణతీగను బ్యాటరీ కొసకు గాక చాసీకి తగిలించాలి.

హైబ్రిడ్ మీదకు తోసివేసే ఒక నేరం వేరొకదానిది. 2020 ఏప్రిలునుంచి బి.ఎస్.-6 నిబంధన వచ్చింది. చాలా డీజిలు బళ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ వుంటుంది. అది నిండినప్పుడు, బండి కొంత వేగంతో ఆగకుండా పోతూ వుంటే ఆ వేడికి మసి కాలిపోతుంది. తోటనుంచి రాశికి, రాశినుంచి మిల్లుకు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో మసి కాలే అదను చిక్కదు. దీపం వెలుగుతుంది, బండి నీరసిస్తుంది. వారానికి ఒకసారైనా జాతీయ రహదారి మీద అరగంట ఏకబిగిన నడపండి. మసి కాలుతున్నప్పుడు తాళం తీయవద్దని డ్రైవరుకు చెప్పండి. అట్లాగే బరువుతో వేగంగా వచ్చి ఆగినప్పుడు టర్బోకు ఒక నిమిషం చల్లారే వ్యవధి కావాలి. ఆగి లేచే పద్ధతిని ఆపివేసే మీట అద్దం కింద వుంటుంది, అటువంటప్పుడు నొక్కుకోవచ్చు.

మరి కొనవచ్చునా అంటే, నా మాట ఇది. కాయలకు, గెలలకు, రొయ్యలకు తిరిగే బండికోసం హైబ్రిడ్ అనే పేరుకు వేరే డబ్బు పెట్టకండి. మీకు నచ్చిన బండిలో ఆగి లేచే పద్ధతి దానంతట అది వస్తే వద్దనకండి, సరైన బ్యాటరీ వేసుకోండి. 48 ఓల్టుల బండి పాతది చవకగా వస్తున్నదని ఎవరైనా తెస్తే, ఆ బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు మిగిలి వున్నదో, దాన్ని విప్పి చూడగల షెడ్డు రాజోలులో వున్నదా, అమలాపురంలో వున్నదా, లేక రాజమహేంద్రవరం పోవాలా కనుక్కొని బేరం మాట్లాడండి. బండి షెడ్డులో వున్న ప్రతి రోజూ అద్దె బండికి డబ్బు పోయవలసిందే గదా. మీ రాకపోకలు రోజంతా రాజోలు, అమలాపురం బజారులోనే ఐతే మాత్రం నా లెక్క మారుతుంది; అక్కడ ఆగటం హెచ్చు.

చివరగా భీమా సంగతి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల దారులన్నీ మునిగాయి. ఏటా కాజ్‌వేల మీద నీరు పారుతున్నా బండి తోలుకుపోయేవారు వున్నారు. ఇంజనులోకి నీరు పోయి చెడితే మామూలు భీమా కింద ఆ ఖర్చు రాదు. ఇంజను రక్షణకు వేరే షరతు కలుపుతారేమో పాలసీ రాసేటప్పుడే అడగండి. హైబ్రిడ్ బ్యాటరీ, ఆ మోటారు అందులో చేరతాయో లేదో కాగితం మీద రాయించుకోండి.